గల్ఫ్‌లో పనిచేసే మన ముస్లిం కుటుంబాలకు ఏ బీమా నయం: ఫ్యామిలీ తకాఫులా, మామూలు టర్మ్ పాలసీయా?

గల్ఫ్‌లో మనవాడెవరైనా ఉన్నట్టుండి చనిపోతే మొదట కదిలేది చందా. రూమ్‌లో ఒకరు నోట్‌బుక్ తీస్తారు, ఇంకొకరు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతారు. రాయచోటి వాళ్లు, జగిత్యాల వాళ్లు, మలయాళీలు, బంగ్లాదేశ్ వాళ్లు తలా యాభై, వంద దిర్హమ్‌లు వేస్తారు. మృతదేహం ఊరు చేరుతుంది, మిగిలిన డబ్బు భార్య చేతికి వెళ్తుంది. ఇంత మంచితనం ఉన్న చోట బతుకుతున్నందుకు సంతోషమే. కానీ ఆ డబ్బుతో ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? వీసాకి తెచ్చిన అప్పు తీరుతుందా?

ఫ్యామిలీ తకాఫుల్ అంటే ఆ చందానే ముందుగా, పద్ధతిగా, కాగితం మీద పెట్టుకోవడం. యూఏఈ, ఖతార్, కువైట్‌లలో ఉండే మన ముస్లిం కుర్రాళ్లకు ఇప్పుడు ఈ పేరు కొత్త కాదు. కొత్తగా ఉన్నది ఎంపిక. తకాఫుల్‌లోనే రకరకాల ప్లాన్లున్నాయి. పక్కన మామూలు బీమా కంపెనీలున్నాయి. ఇంటి దగ్గర ఇండియా పాలసీలున్నాయి. నా ఉద్దేశంలో, ఏది తీసుకోవాలో తేలాలంటే ముందు ఎందుకు తీసుకుంటున్నామో తేలాలి. ఆ కారణం స్పష్టంగా లేకుండా సంతకం పెట్టినవాళ్లే తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

అసలు తేడా ఎక్కడుంది

మామూలు బీమాలో మీరు కట్టే ప్రీమియం కంపెనీ సొమ్ము అవుతుంది. మీ రిస్కును కంపెనీ కొనుక్కుంటుంది. క్లెయిములు తక్కువ వస్తే లాభం దానిది, ఎక్కువ వస్తే నష్టం దానిది. ఆ డబ్బును అది ఎక్కువగా వడ్డీ వచ్చే బాండ్లలో పెడుతుంది. ఉలేమా, అంటే ఇస్లాం మత పండితుల అభ్యంతరం ఇక్కడే: వడ్డీ, జూదం లాంటి పందెం, ఒప్పందంలో తేలని అనిశ్చితి. ఇస్లామిక్ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) అకాడమీ 1985లో జెద్దాలో కూర్చుని వ్యాపార బీమా కుదరదని, సభ్యులు ఒకరికొకరు తోడ్పడే సహకార బీమా మాత్రం సరేనని తీర్మానించింది. అందరూ ఒకే మాట మీద ఉన్నారని కాదు. సిరియా పండితుడు ముస్తఫా జర్ఖా లాంటివాళ్లు మామూలు బీమా కూడా కూడుతుందని వాదించారు. కానీ ఎక్కువమంది ఉలేమా వైఖరి జెద్దా తీర్మానం వైపే ఉంది.

తకాఫుల్‌లో డబ్బు దారి వేరు. మీరు నెలకు 100 దిర్హమ్‌లు కట్టారనుకుందాం. కంపెనీ మన తరఫున పనిచేసే ఏజెంటు మాత్రమే కాబట్టి వకాలా ఫీజు తీసుకుంటుంది, ఉదాహరణకు 30 దిర్హమ్‌లు. మిగిలిన 70 తబర్రు పేరుతో, అంటే దానంగా, సభ్యుల ఉమ్మడి నిధిలోకి వెళ్తాయి. ఎవరు చనిపోయినా వాళ్ల కుటుంబానికి ఆ నిధి నుంచే ఇస్తారు. నిధిని షరియాకు సరిపడే సుకూక్ (వడ్డీ లేని ఇస్లామిక్ బాండ్లు), షేర్లలో పెడతారు. క్లెయిములన్నీ పోగా మిగులు ఉంటే అది నిధిదే. నిధి చాలకపోతే కంపెనీ వాటాదారులు వడ్డీ లేని అప్పు ఇచ్చి నిలబెట్టాలి, తర్వాతి మిగులు నుంచి తిరిగి తీసుకోవాలి. యూఏఈలో 2010 నాటి తకాఫుల్ నిబంధనలు ఈ వాటాదారుల అప్పును తప్పనిసరి చేశాయి, వకాలా ఫీజు 35 శాతం మించకూడదన్నాయి.

ఆ 35 శాతం పైపరిమితి మాత్రమే. కంపెనీకి కంపెనీకి ఫీజు మారుతుంది. "హలాల్ అన్నారు కదా, ఇంకేం అడుగుతాం" అని ఊరుకుంటే 35కీ 20కీ తేడా మన జేబులోంచే పోతుంది.

మనల్ని ఏది కదిలిస్తోంది

తకాఫుల్ తీసుకున్న ఎవరినైనా ఎందుకు తీసుకున్నావని అడగండి, మొదటి జవాబు "హలాల్ కాబట్టి" అనే వస్తుంది. అబద్ధమేమీ కాదు. వడ్డీ సొమ్ము పిల్లల నోట్లోకి వెళ్లకూడదన్న పట్టుదల నేను చాలామందిలో చూశాను, ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. కానీ కాసేపు కూర్చుని మాట్లాడితే వేరే కారణాలు బయటికొస్తాయి. పక్క బెడ్ మీద పడుకునే మనిషి గుండెపోటుతో పోయాడు. ఏజెంటు మన ఊరివాడే, కాదనలేకపోయాం. ఇంటికి ఇస్లామిక్ బ్యాంకు ఫైనాన్స్ తీసుకుంటే వాళ్లే తకాఫుల్ కూడా ఇచ్చారు. బావమరిది తీసుకున్నాడు. ఇరవై ఏళ్లకు ఇంత వస్తుందని కాగితం మీద లెక్క చూపించారు.

మలేషియా చరిత్ర చూసినా ఇదే. అక్కడ 1983లో బ్యాంక్ ఇస్లాం మొదలైంది, మరుసటి ఏడాదే తకాఫుల్ చట్టం వచ్చింది. వడ్డీ లేని ఇంటి ఫైనాన్స్ తీసుకున్నవాడికి వడ్డీతో నడిచే బీమా అంటగడితే కుదరదు కదా. అంటే నమ్మకం ఒక్కటే జనాన్ని లాక్కురాలేదు. అవసరం, అందుబాటు దానికి తోడయ్యాయి. ఇప్పుడు అక్కడ ముస్లిమేతరులు కూడా తకాఫుల్ తీసుకుంటారు, దానికి ఏ అడ్డూ లేదు.

ఇంట్లో వినిపించే ఒక మాట గురించి చెప్పాలి. "అల్లా మీద భరోసా ఉన్నవాడికి బీమా ఎందుకు?" పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా అనే మాట ఇది. దీనికి నేను చెప్పే జవాబు సాద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ హదీసు. ఆయన జబ్బుపడి ఆస్తినంతా దానం చేస్తానంటే ప్రవక్త (స) మూడో వంతు దగ్గర ఆపారు. వారసులు జనం ముందు చేయి చాపేలా వదిలి వెళ్లడం కన్నా వాళ్లను ఉన్నవాళ్లుగా వదిలి వెళ్లడం మేలన్నారు. భార్యాపిల్లల కోసం ఏర్పాటు చేయడం భరోసా లేకపోవడం కిందికి రాదు.

కాబట్టి కారణాన్ని రెండు ముక్కలు చేసుకోండి. "నేను పోతే ఇంటికి ఎంత కావాలి" అనేది ఒకటి. "నా డబ్బు ఎలా పెరగాలి" అనేది ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేసినప్పుడే తప్పుడు ప్లాన్ ఇంట్లోకి వస్తుంది.

చేతిలో ఇప్పటికే ఉన్నదేంటి

ఈసీఆర్ పాస్‌పోర్టు (విదేశీ పనికి ముందుగా ప్రభుత్వ అనుమతి అవసరమైనది) మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఇక్కడ "ప్రమాదం" అన్న మాట దగ్గర ఆగండి. గల్ఫ్‌లో మనవాళ్ల చావుల్లో గుండెపోటు ఎంత తరచుగా వింటామో మీకు తెలుసు. నిద్రలో గుండె ఆగిపోతే ఆ 10 లక్షలు రావు. చాలా ఇళ్లలో ఈ విషయం క్లెయిమ్ వేసిన రోజే తెలుస్తోంది.

2024లో దుబాయ్‌లోని భారత కాన్సులేట్ చొరవతో కార్మికుల కోసం ఒక గ్రూప్ ప్లాన్ వచ్చింది. అందులో సహజ మరణానికి కూడా కవర్ ఉంది. ఏడాదికి 37 నుంచి 72 దిర్హమ్‌లు, కవర్ 35,000 నుంచి 75,000 దిర్హమ్‌ల వరకు. ఇది తకాఫుల్ కాదు, కానీ కంపెనీయే కడుతుంటే మీకు ఉందో లేదో హెచ్‌ఆర్‌ని అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది.

గ్రాట్యూటీ, అంటే ఉద్యోగం ముగిశాక కంపెనీ ఇచ్చే డబ్బు కూడా లెక్కేసుకోండి. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. బేసిక్ 1,500 ఉంటే ఏడాదికి 1,050 దిర్హమ్‌లు, ఐదేళ్లకు 5,250. అప్పు తీరడానికి అదొక్కటే ఏ మూలకీ చాలదు.

ఇప్పుడు ఇంటి లెక్క రాయండి. ఇంటి ఖర్చు నెలకు 25,000 అయితే పదేళ్లకు 30 లక్షలు. వీసా అప్పు, ఇంటి అప్పు కలిపి 8 లక్షలు. పిల్లల చదువుకు ఇంకో 7 లక్షలు. మొత్తం 45 లక్షలు, దాదాపు రెండు లక్షల దిర్హమ్‌లు. మీకు కావాల్సిన కవర్ ఇది. ఏజెంటు చెప్పిన అంకెను పక్కన పెట్టి ఈ అంకెతోనే మాట్లాడండి.

అసలు పోటీ: గల్ఫ్‌లో టర్మ్ తకాఫుల్, ఇండియాలో టర్మ్ పాలసీ

రెండూ ఒకే పని చేస్తాయి. కట్టినన్నాళ్లు కవర్, పోతే ఇంటికి డబ్బు, గడువు దాటి బతికుంటే ఏమీ రాదు. అందుకే రెండూ చవక.

ఇండియా టర్మ్ పాలసీకి ఉన్న బలాలు దాచిపెట్టడం న్యాయం కాదు. డబ్బు రూపాయల్లో ఇంటి దగ్గరే వస్తుంది. క్లెయిమ్ ఫారం నింపడానికి భార్య కడప బ్రాంచికో కరీంనగర్ బ్రాంచికో వెళ్తే చాలు. ఫిర్యాదు ఉంటే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. పాలసీకి మూడేళ్లు నిండాక ఏదో దాచారన్న సాకుతో కంపెనీ దాన్ని రద్దు చేయలేదు, బీమా చట్టం 45వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు గల్ఫ్ వదిలి వచ్చేసినా పాలసీ నడుస్తూనే ఉంటుంది.

దానికి లేనిది ఒక్కటే, షరియా ఆమోదం. ఇండియాలో తకాఫుల్ కంపెనీకి ఇప్పటిదాకా లైసెన్సు లేదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ ఆలోచనను కూడా ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంకు 2017లో తేల్చేసింది. కాబట్టి ఇంటి దగ్గర ఉండే ముస్లింకు "తకాఫులా, మామూలుదా" అన్న ఎంపికే రాదు. గల్ఫ్‌లో ఉన్నవాడికి వస్తుంది. ఆ అవకాశాన్ని వదులుకోవద్దన్నది నా మాట.

టర్మ్ తకాఫుల్‌తో మనసు నిమ్మళంగా ఉంటుంది. డాక్టర్ పరీక్షలు ఇక్కడే అయిపోతాయి, దిర్హమ్‌లలో కవర్ వస్తుంది. కానీ అడగాల్సినవి ఉన్నాయి. వీసా రద్దయి ఇండియా వచ్చేస్తే కవర్ ఉంటుందా? ఉంటే కంట్రిబ్యూషన్ (తకాఫుల్‌లో మనం కట్టే సొమ్ము) ఏ ఖాతా నుంచి కట్టాలి? యూఏఈ బ్యాంకు ఖాతా మూసేశాక ఆటో డెబిట్ ఆగిపోయి పాలసీ ల్యాప్స్ కావడం నేను విన్నాను, అదీ కుటుంబానికి తెలియకుండా. పోయింది ఇండియాలో అయితే మరణ ధృవీకరణ పత్రానికి ఏ అటెస్టేషన్లు కావాలి? వీటికి నోటి మాటగా కాకుండా ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.

ధర సంగతి: ఒకే వయసుకు, ఒకే కవర్‌కు రెండిటి కోట్‌లూ తీసుకుని పక్కపక్కన పెట్టండి. సిగరెట్ తాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి రెండు చోట్లా చెప్పాల్సిందే. దాస్తే తకాఫుల్‌లో అది ఇంకా తప్పు, తోటి సభ్యుల దానం మీద మోసం చేసినట్టు.

ఇండియా నుంచి వెళ్లనివాళ్లు, లేదా ఆరోగ్య కారణాలతో గల్ఫ్‌లో తిరస్కరించబడినవాళ్లు ఏం చేయాలి? మన పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పి నమ్మకమైన ముఫ్తీని అడగండి. "బీమా హలాలా హరామా" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు కూడా అలాగే వస్తుంది. "అప్పు ఇంత ఉంది, సంపాదించేది నేనొక్కడినే, ఇక్కడ తకాఫుల్ లేదు, పొదుపు లేని టర్మ్ పాలసీ మాత్రమే తీసుకుంటాను" అని అడగండి. నిర్బంధ పరిస్థితిని ఫిఖ్ పట్టించుకుంటుంది. ఆ తీర్పు ఇవ్వాల్సింది మాత్రం ఏజెంటు కాదు, నేనూ కాదు.

సేవింగ్స్ తకాఫుల్ దగ్గర జాగ్రత్త

క్యాంపుల్లో, మాల్స్‌లో ఎక్కువగా అమ్మేది ఇదే. నెలకు ఇంత కడితే కవరూ ఉంటుంది, ఇరవై ఏళ్లకు పిల్లల చదువుకో పెళ్లికో పెద్ద మొత్తం వస్తుంది అంటారు. మీరు కట్టే డబ్బు మూడు దారులు పడుతుంది: ఫీజు, తబర్రు, పెట్టుబడి ఖాతా. మొదటి రెండేళ్లలో పెట్టుబడి దాకా చేరేది ఎంతో బెనిఫిట్ ఇలస్ట్రేషన్ (ఏ ఏడాదికి ఎంత వస్తుందో చూపించే) కాగితంలో సరెండర్ విలువ, అంటే మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే డబ్బు కాలమ్ చూస్తే తెలుస్తుంది. ఏజెంటు వేలు చివరి వరుస మీద ఉంటుంది. మీ వేలు రెండో, మూడో, ఐదో ఏడాది వరుసల మీద ఉండాలి.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక తెలిసిన కుర్రాడు నెలకు వెయ్యి దిర్హమ్‌లకు 25 ఏళ్ల ప్లాన్ మీద సంతకం పెట్టాడు. జీతం బాగానే ఉంది, ఏజెంటు మేనమామ స్నేహితుడు. మూడో ఏడాది కంపెనీ ప్రాజెక్టు మూసేసింది, వీసా రద్దయింది. తీసుకుందామని వెళ్తే కట్టినదాంట్లో సగం కూడా చేతికి రాలేదు. ఒప్పందంలో అన్నీ రాసే ఉన్నాయి, ఎవరూ చట్టం మీరలేదు. గల్ఫ్ ఉద్యోగం రెండేళ్ల వీసాల మీద నడుస్తుంది, ఆ ప్లాన్ 25 ఏళ్లు నడవాలి. అసలు పొంతన లేదు. అది హలాల్ అయినంత మాత్రాన ఆ కుర్రాడికి తగినది కాలేకపోయింది.

యూఏఈలో బీమా నియంత్రణ సంస్థ 2019లో తెచ్చిన 49వ నంబరు నిర్ణయం తర్వాత పరిస్థితి మెరుగైంది. ఏజెంట్ల కమీషన్లకు హద్దులు పెట్టారు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేందుకు 30 రోజుల గడువు ఇచ్చారు. ఇది ఫ్యామిలీ తకాఫుల్‌కూ వర్తిస్తుంది. అయినా సేవింగ్స్ ప్లాన్ సరిపోయేది ఎవరికంటే, కుటుంబంతో సహా అక్కడే స్థిరపడి, ఉద్యోగం గట్టిగా ఉండి, చేతిలో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని, ఆ తర్వాత కూడా మిగిలేవాళ్లకు. డబ్బు చేతిలో ఉంటే నిలవదు, బలవంతంగానైనా దాచాలి అనుకునేవాళ్లకు కూడా కొంత పనికొస్తుంది. మిగతావాళ్లకు నా సలహా: కవర్‌కు టర్మ్ తకాఫుల్, పెట్టుబడికి వేరే దారి. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతా) నుంచి టాటా ఎథికల్ ఫండ్, నిఫ్టీ 50 షరియా బీస్ లాంటి షరియా వడపోత ఉన్న ఫండ్లలో పెట్టొచ్చు. మార్కెట్ పడితే ఇవీ పడతాయి, కానీ అవసరం వచ్చినప్పుడు ఏళ్ల తరబడి తలుపు మూసుకుని ఉండవు.

ఇండియా యూలిప్‌లలో (బీమా, మార్కెట్ పెట్టుబడి కలిసిన పాలసీల్లో) బ్యాంకులు, మద్యం, జూదం కంపెనీలను పక్కన పెట్టే ఫండ్లున్నవి కొన్ని ఉన్నాయి. వాటిలో పెట్టుబడి భాగం శుభ్రం కావచ్చు, బీమా ఒప్పందం మాత్రం మామూలుదే. ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటి పొదుపు కలిసిన పాలసీల్లో ఆ పెట్టుబడి భాగం కూడా ప్రధానంగా బాండ్లే. తకాఫుల్ అందుబాటులో ఉన్నవాడికి వాటిని నేను సూచించను.

నామినీ, వారసులు

డబ్బు వచ్చాక ఎవరిది అన్న ప్రశ్న మీద ఇళ్లల్లో గొడవలు అవుతున్నాయి. షరియా వాటాల్లో పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. పాలసీ డబ్బు మొత్తం భార్యకే వెళ్లాలనుకుంటే అది వారసత్వంలో కలవకుండా బతికుండగానే ఏర్పాటు చేయాలి. మలేషియాలో 2013 చట్టం తకాఫుల్ డబ్బును హిబా కింద, అంటే కానుకగా, నామినీకే చెందేలా రాసుకునే వీలిచ్చింది. ఇండియా టర్మ్ పాలసీలో 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆరో సెక్షన్ కింద రాయించుకుంటే డబ్బు భార్యాపిల్లల ట్రస్టు అవుతుంది, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. ఈ సెక్షన్ ముస్లిం భర్తలకూ వర్తిస్తుంది, ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. గల్ఫ్ తకాఫుల్‌లో నామినీ సొంతదారా, పంచిపెట్టే బాధ్యత మాత్రమే ఉన్నవాడా అన్నది పాలసీ పదాల్లో చూడండి. తల్లికి ఎంత, భార్యకు ఎంత అన్నది ఇద్దరి ముందూ చెప్పి ఉంచితే రేపు అత్తాకోడళ్లు కోర్టు మెట్లెక్కే అవసరం రాదు.

ఎవరికి ఏది

పెళ్లయి, ఇల్లంతా మీ జీతం మీదే ఉండి, గల్ఫ్‌లో ఇంకా కొన్నేళ్లు ఉంటానంటే టర్మ్ తకాఫుల్ తీసుకోండి, ఇండియా వచ్చినా నడిచేదే తీసుకోండి. ఒకటి రెండేళ్లలో వచ్చేస్తానని తెలిస్తే, తిరిగొచ్చాక కవర్ ఉండదని తకాఫుల్ కంపెనీలు చెబితే, ముఫ్తీని అడిగి ఇండియా టర్మ్ సంగతి ఆలోచించండి. తిరిగొచ్చాక వయసు, షుగర్ రెండూ పెరిగి ఉంటాయి, అప్పుడు కొత్తగా తీసుకోవడం కష్టం. పెళ్లికాని కుర్రాడికి, ఇంట్లో ఇంకో అన్న సంపాదిస్తుంటే, అప్పు తీరేంత కవర్ చాలు.

సంతకం పెట్టాక పాలసీ కాగితాలు చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల లెక్క మొదలుపెట్టండి. ఆ గడువులో షరియా కమిటీ పేర్లు, వకాలా శాతం, మిగులు పంపకం, సరెండర్ విలువలు, దేశం మారితే కవర్, నామినీ వివరాలు చూసుకోండి. ఏజెంటు చెప్పినదానికీ కాగితంలో ఉన్నదానికీ తేడా ఉంటే రద్దు చేయమని ఈమెయిల్ పెట్టండి. డబ్బు వెనక్కి ఇవ్వకుండా తిప్పుతుంటే యూఏఈలో బ్యాంకు, బీమా ఫిర్యాదులు చూసే సనదక్ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే పాలసీ నంబరు, క్లెయిమ్ ఫోన్ నంబరు, కాగితాల ఫొటోలు ఆ రోజే భార్య ఫోన్‌కు పంపించి, ఎక్కడ ఎలా అడగాలో ఆమెకు వివరంగా చెప్పండి.